కట్టు మార్చే వేళ

మోటార్ల షాపు,
మంగళవారం

వదినగారికి,

నమస్కారం. చేతిరాత చూసి ఎవరా అనుకుంటారు. నేను మీ చెల్లెలి భర్తని. మీ అడ్రసు మీ పెదనాన్నగారి అబ్బాయి ఇచ్చాడు. ఫోన్ నంబరు కూడా ఇచ్చాడు గానీ, గొంతు వినగానే పెట్టేస్తారేమోనని భయపడి ఉత్తరం రాస్తున్నాను.

మీ చెల్లెలికి ఆపరేషన్ అయింది. కంగారు పడకండి, ఇప్పుడు బాగానే ఉంది. బస్సు నడుపుతుంటే కడుపులో నొప్పి మొదలైందట. మామూలు నొప్పేలే అనుకుని ట్రిప్పు పూర్తి చేసింది. డిపోకి తెచ్చి, బస్సుని గీతల మధ్య సరిగ్గా నిలబెట్టి, తాళం అప్పజెప్పి, అప్పుడు పడిపోయింది. పేగుకి చిల్లు పడిందని డాక్టరమ్మ చెప్పింది. బొడ్డు పైనుంచి కిందిదాకా కోశారు.

మీకు చెప్పొద్దంది. మత్తు దిగీ దిగగానే "నా బస్సు ఎవరు తీశారు?" అని అడిగింది. ఆ వెంటనే "అక్కకి చెప్పావో, ఊరుకోను" అంది. మీ అమ్మగారు పోయాక మీ మాట తన నోట వినడం అదే మొదటిసారి. చెప్పొద్దని అన్నా సరే, తలుచుకుంది కదా అనిపించింది. అందుకే రాస్తున్నాను.

జవాబు రాయాలనిపిస్తే షాపు అడ్రసుకి రాయండి. ఇంటికి వద్దు.

మీ మరిది

*

హాస్టల్ ఆఫీసు గది,
శనివారం

మరిదికి,

ఉత్తరం అందింది. చెప్పొద్దని అది అన్నప్పుడు చెప్పకుండా ఉండాల్సింది.

అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళకుండా ఇంట్లో పెట్టి చంపేశానని నలుగురి ముందూ అన్నది నీ భార్య. ఆ రోజు నువ్వూ గుమ్మం పక్కనే నిలబడి చెప్పుల వంక చూస్తున్నావు. ఇప్పుడు నేను పళ్ళు పట్టుకుని పరామర్శకి రావాలా? రాను. ఇక్కడ ఇంతమంది ఆడపిల్లలకి నేను వార్డెన్ని. పరీక్షల రోజులు. కదలడానికి లేదు.

ఆరోగ్యం కుదుటపడాలని కోరుకుంటున్నాను.

ఇట్లు,
హాస్టల్ వార్డెన్

తా.క. కట్టు విప్పేటప్పుడు గాజుగుడ్డ అంటుకుపోతే లాగొద్దు. సెలైన్ నీళ్ళతో తడిపి కాసేపు ఆగితే దానంతట అదే ఊడివస్తుంది. దానికి చిన్నప్పటి నుంచీ నొప్పి అంటే భయం. పైకి అరుస్తుంది, అంతే.

*

మోటార్ల షాపు,
గురువారం

వదినగారికి,

మీ తా.క. లేకపోతే ఏమైపోయేవాణ్ణో. నిజం చెబుతున్నాను, ఆ నాలుగు ముక్కలూ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

మొదటి ఉత్తరంలో బాగానే ఉందని రాశాను. మీరు కంగారు పడతారని అలా రాశాను. బాగా లేదు. ఇంటికి తీసుకొచ్చాక కుట్ల దగ్గర ఎర్రబడి చీము పట్టింది. డాక్టరమ్మ కొన్ని కుట్లు విప్పేసి గాయాన్ని అలాగే తెరిచి వదిలేసింది. లోపలి నుంచి పైకి మానుకుంటూ రావాలట. పైన ముందే మూసుకుంటే లోపల చీము నిలిచిపోతుందట. రోజూ తడి గాజుగుడ్డ గాయంలోకి పెట్టి, పైన పొడి గుడ్డ వేసి, టేపు అంటించాలి. ఆ పని నర్సు నాకు నేర్పింది. ఇన్నేళ్ళు కాలిన మోటార్లు విప్పి తీగ చుట్టినవాణ్ణి, నాకిదెంత అనుకున్నాను. గాయం చూడగానే మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను. "నీకేమైందయ్యా, కోసింది నన్ను కదా!" అని తను అరిచింది. ఆపరేషన్ అయ్యాక అంత గట్టిగా అరవడం అదే. డిపోలో తనని 'హారన్' అని ఎందుకంటారో మీకు తెలుసుగా.

ఆ తర్వాత మళ్ళీ అరవలేదు. అదే నాకు దిగులు.

మొదట్లో డిపో వాళ్ళు వచ్చారు. పక్కింటి వాళ్ళు వచ్చారు. ఒకటే పలకరింపులు. అందరూ తనతోనే మాట్లాడారు, నాతో మాత్రం "జాగ్రత్తగా చూసుకో" అన్నారు. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. ఎవరి పనులు వాళ్ళవి, తప్పు పట్టను. పొద్దున కట్టు మార్చి, జావ పట్టించి, షాపు తీసి, మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి, సాయంత్రం మళ్ళీ కట్టు మారుస్తాను. కట్టు మారుస్తున్నంతసేపూ తను గోడవైపు తిరిగి ఉంటుంది. గోడ మీద ఏమీ లేదు వదినా. పెచ్చులూడిన సున్నం తప్ప. అయినా దాన్నే చూస్తుంది. "నొప్పిగా ఉందా?" అంటే "ఊఁ" అంటుంది. "అయిపోయింది" అంటే "ఊఁ" అంటుంది.

ఇదంతా మీకెందుకు రాస్తున్నానో తెలియదు. రాయడానికి ఇంకెవరూ లేరు.

మీ మరిది

*

హాస్టల్ ఆఫీసు గది,
సోమవారం

మరిదీ,

నువ్వు తింటున్నావా?

తన జావ గురించి రాశావు, తన మందుల గురించి రాశావు. నీ సంగతి ఒక్క ముక్క లేదు. రోగి మంచం పక్కన ఉన్నవాళ్ళు తినరు. తిన్నా నిలబడి గిన్నెలోంచే తింటారు. నాకు తెలుసు. అమ్మకి మంచంలో పడి నడుం దగ్గర పుండ్లు పడ్డాయి. ఒక పుండులో నా బొటనవేలు పట్టేది. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా "పాపం అమ్మ" అనేవాళ్ళు. నిజమే, పాపమే. కానీ ఒక్కరైనా నన్ను కాస్త పక్కకి జరగమని, "నువ్వెళ్ళి పడుకో, ఈ పూట నేను చూస్తా" అంటారేమోనని ఎదురుచూసేదాన్ని. మీ ఆవిడ సెలవు దొరికినప్పుడల్లా వచ్చేది, కాదనను. వచ్చిన ప్రతిసారీ అమ్మని ఆస్పత్రిలో చేర్పించమని గొడవ పెట్టుకుని వెళ్ళిపోయేది.

సరే, ఆ మాటలు ఇప్పుడెందుకు.

కూర్చుని తిను. కంచం పెట్టుకుని తిను. దానికి గుడ్లు పెట్టు, పాలు పట్టు, గాయం మానడానికి కండ కావాలి. టేపు రోజూ ఒకే చోట అంటిస్తే చర్మం ఒలిసిపోతుంది, కాస్త అటూ ఇటూ మార్చు. గోడవైపు తిరిగిందని బాధపడకు. చూస్తే నిజమైపోతుందని భయం దానికి. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోతే కూడా కళ్ళు మూసుకుని నా చేతికి కాలు అప్పగించేది.

షాపు రోజూ తెరుస్తున్నావా? మంచి పని. నాలుగు గోడల మధ్య ఉండిపోతే మనిషి మనిషిలా ఉండడు.

వదిన

*

మోటార్ల షాపు,
బుధవారం మధ్యాహ్నం

వదినా,

మీ ఉత్తరం రాగానే షాపు సగం మూసి, లోపల కూర్చుని, స్టూలు మీద కంచం పెట్టుకుని తిన్నాను. సగంలో ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను. తిన్నావా అని నన్ను ఎవరూ అడగక చాలా కాలమైంది.

ఇప్పుడు తొందరగా రాయాలి. నిన్నటి నుంచి తనకి జ్వరం. పొద్దున కట్టు విప్పితే వాసన వేసింది. చుట్టూ వేడిగా, గట్టిగా ఉంది. ఆస్పత్రికి వెళ్దాం పద అన్నాను. నా మణికట్టు పట్టుకుంది. మంచంలో పడ్డ మనిషికి అంత పట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో! "నన్ను మళ్ళీ అక్కడికి తీసుకెళ్ళకు. ఆ లైట్ల కింద నన్ను ఒంటరిగా పడుకోబెట్టకు. ఏమైనా సరే, ఇక్కడే. నీకు దండం పెడతా" అంది. హారన్‌లా మోగే మనిషి అంత చిన్న గొంతుతో బతిమాలితే సరేలే అనేశాను. అనేసి షాపుకి వచ్చి కూర్చున్నాను. ఇప్పుడేం చెయ్యాలి? తన మాట వింటే మంచివాణ్ణా, వినకపోతే మంచివాణ్ణా?

ఇల్లు చిన్నది. ఫోన్ చేస్తే గోడ అవతల అన్నీ వినిపిస్తాయి. షాపు నుంచి మీకు చేద్దామని ఫోన్ రెండుసార్లు చేతిలోకి తీసుకుని పెట్టేశాను. ఇలాంటి ప్రశ్న మిమ్మల్ని అడగొచ్చో లేదో తెలియలేదు. మీ అమ్మగారి విషయంలో మీరు ఎంత నలిగిపోయారో ఈ రోజు మొదటిసారి కాస్త అర్థమైంది.

ఇది పోస్టులో వేసి ఇంటికి వెళ్తాను.

మీ మరిది

*

హాస్టల్ ఆఫీసు గది,
శుక్రవారం

తీసుకెళ్ళు.

ఈ ఉత్తరం చేరేలోపే తీసుకెళ్ళి ఉంటావనే నా నమ్మకం. తీసుకెళ్ళకపోయి ఉంటే ఇది చదువుతూనే లేచి వెళ్ళు. బతిమాలినా, తిట్టినా, జుట్టు పీకినా ఆటోలో వేసుకుని తీసుకెళ్ళు. అమ్మ సంగతి వేరు. అమ్మ వయసు వేరు, అమ్మకి ఇక చేసేదేమీ లేదని డాక్టరే చేతులెత్తేశాడు. దీనికి చెయ్యాల్సింది చాలా ఉంది. రెండూ ఒకటి కాదు. ఒకటి అనుకోకు.

నీ ఫోన్ నంబరు నా దగ్గర లేదు. ఏమైందో వెంటనే రాయి. మనసు మనసులో లేదు.

వదిన

*

ఆస్పత్రి, ఆడవాళ్ళ వార్డు బయట బల్ల మీద,
ఆదివారం

వదినా,

మీ ఉత్తరం షాపు తలుపు కింద పడి ఉంది, ఇందాకే తెచ్చుకున్నాను. దానికోసం ఆగలేదు. ఉత్తరం పోస్టులో వేసి ఇంటికి వెళ్ళేసరికి తను జ్వరంలో పలవరిస్తోంది. బస్సు తలుపు వెయ్యమంటోంది, ఫుట్‌బోర్డు మీంచి లోపలికి రమ్మంటోంది. ఇంక నేనేమీ అడగలేదు. ఆటో పిలిచి, దుప్పటితో సహా ఎత్తుకుని తీసుకొచ్చాను. దారిపొడుగునా నన్ను తిట్టింది. మాటిచ్చి తప్పానంది. జీవితంలో నా మొహం చూడనంది. ఆటో అతను అద్దంలో నన్ను దొంగని చూసినట్టు చూశాడు.

లోపల చీముగడ్డ కట్టిందట. మత్తిచ్చి తీసేశారు. ఇంకో రోజు ఆగి ఉంటే ఒళ్ళంతా పాకేదని డాక్టరమ్మ అంది. ఇప్పుడు జ్వరం దిగింది. గండం గడిచింది.

మీకు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. నిన్న సాయంత్రం తెలివిగా ఉన్నప్పుడు చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకుంది. ఉన్నట్టుండి "అమ్మ కూడా ఇలాగే బతిమాలిందా?" అంది. ఎవరిని అడిగిందో తెలియలేదు. నన్నే అనుకుని "నాకెలా తెలుస్తుంది?" అన్నాను. "నీకు తెలియదులే" అని కళ్ళు మూసుకుంది. నిద్రపోలేదు. కళ్ళ పక్క నుంచి చెవుల్లోకి నీళ్ళు కారుతున్నాయి. తుడవబోతే చెయ్యి తోసేసింది.

తనకి మన ఉత్తరాల సంగతి తెలియదు. కానీ ఈ ప్రశ్నకి జవాబు మీ దగ్గరే ఉంది. ఇష్టం లేకపోతే రాయకండి.

మీ మరిది

*

హాస్టల్ ఆఫీసు గది,
బుధవారం

మరిదీ,

గడ్డ తీసేశారన్న మాట చదివి, ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. పిల్లలు వచ్చి గది తాళాలు అడిగితే ఏదో తాళం ఇచ్చి పంపాను. తిరిగొచ్చి "మేడం, ఇది స్టోర్‌రూముది" అన్నారు.

అవును, బతిమాలింది. ఒకసారి కాదు. నా చెయ్యి పట్టుకునేది, చీర కొంగు పట్టుకునేది. "నన్ను ఈ కిటికీ పక్కనే పోనివ్వవే" అనేది. డాక్టరు కూడా ఆస్పత్రిలో పెట్టినా ఇంట్లో పెట్టినా ఒకటే అన్నాడు. నేను మాటిచ్చాను, నిలబెట్టుకున్నాను. ఆఖర్న నొప్పి ఎక్కువై అమ్మ మూలిగినప్పుడు తప్పు చేశానా అని వణికిపోయాను. అంతా అయ్యాక మీ ఆవిడ వచ్చి ఆ మాట అంది.

"అమ్మే అడిగింది" అని అప్పుడే ఎందుకు చెప్పలేదని నువ్వనుకుంటావు. అమ్మ ఆ మాట నాకు చెప్పింది గానీ దానికి చెప్పలేదు. అది వచ్చిన ప్రతిసారీ అమ్మ నవ్వుతూ "నాకేంటే, బాగానే ఉన్నా" అనేది. చిన్నకూతురు దిగులు పడుతుందని. అమ్మ దాచిపెట్టుకున్న మాటని శవం పక్కన నిలబడి నా గొడవ గెలవడానికి బయటపెట్టలేకపోయాను. తర్వాత రోజులు గడిచిపోయాయి. గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

దానికి చెప్పాలో వద్దో నువ్వే చూసుకో. పక్కనున్నవాడివి నువ్వు. దాని ఒళ్ళు తట్టుకోగలిగినప్పుడు చెప్పు, లేదా అసలు చెప్పకు. నేను ఏమీ కోరడం లేదు. అది కోలుకుంటే చాలు.

వదిన

*

హాస్టల్ ఆఫీసు గది,
సోమవారం

మరిదీ,

నీ నుంచి ఉత్తరం లేక చాలా రోజులైంది. రోజూ పోస్టు రాగానే పిల్లల ఉత్తరాలన్నీ నేనే విడదీస్తున్నాను. వాచ్‌మన్‌కి అనుమానం వచ్చినట్టుంది, "మీకేమైనా రావాలా మేడం?" అని అడిగాడు.

గాయం ఏమైంది? మూసుకుందా? మళ్ళీ ఏమైనా వచ్చిందా? నేను రాసినదాన్ని పట్టుకుని మీ ఇద్దరి మధ్య గొడవైందా? ఏదైనా సరే, రాయి. ఒక్క ముక్క రాయి.

పిల్లలు సెలవులకి వెళ్ళిపోయారు. ఇంత పెద్ద హాస్టల్లో నా నడక నాకే వినిపిస్తోంది. అమ్మ పోయాక ఇన్నేళ్ళూ ఇలాగే ఉన్నాను, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. నువ్వు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టి చెడగొట్టావు.

వదిన

*

ఇంటి నుంచి,
ఆదివారం సాయంత్రం

వదినా,

ఇన్నాళ్ళూ రాయనందుకు తిట్టుకుని ఉంటారు. రాయకూడదని కాదు, రాయొద్దని ఆజ్ఞ. ఎవరి ఆజ్ఞో చెప్పక్కర్లేదు. ఇప్పుడు అంతా వరసగా చెబుతాను.

ఆస్పత్రి నుంచి రెండోసారి ఇంటికొచ్చాక గాయం నెమ్మదిగా మానడం మొదలైంది. గాజుగుడ్డ రోజురోజుకీ తక్కువ పట్టేది. అడుగున ఎర్రగా, శుభ్రంగా కండ వచ్చింది. ఒక పొద్దున కట్టు మారుస్తూ, తను గోడవైపు తిరిగి ఉండగానే చెప్పేశాను. మొహం కనిపించనప్పుడు చెప్పడం తేలిక. మీకు ఉత్తరాలు రాస్తున్నానన్నాను. అమ్మగారు మిమ్మల్ని ఎలా బతిమాలారో చెప్పాను. తనకి దిగులు కలగకూడదని ఆవిడ ఆ మాట దాచారని, దాచిన మాటని మీరు బయటపెట్టలేకపోయారని చెప్పాను. నేను టేపు అంటించి, చేతులు కడుక్కుని వచ్చాక "ఇంకేం రాయకు దానికి" అంది. అంతే.

ఆ తర్వాత మా ఇంట్లో మాటల్లేవు. కట్టు మార్చడం, పాలివ్వడం, లేపి నడిపించడం, అన్నీ మాట లేకుండానే. ఒకే గదిలో ఇద్దరం ఉండి అంత ఒంటరిగా ఉండొచ్చని నాకు తెలియదు. కుళాయి కారుతుంటే వెంటనే బాగు చెయ్యలేదు. ఆ చప్పుడైనా ఉంటుందని.

తర్వాత ఒక రోజు నేను కట్టు విప్పుతుంటే తల ఇటు తిప్పింది. గాయం చూసింది. చాలాసేపు చూసింది. "ఇంతేనా? నేనేదో పెద్ద గుంట అనుకున్నా" అంది. ఒకప్పుడు పెద్దదేనన్నాను. "అమ్మ పుండ్లు ఎలా ఉండేవో. నేనెప్పుడూ దుప్పటి తీసి చూడలేదు. అక్క చూడనిచ్చేది కాదనుకున్నా. నేనే అడగలేదు" అంది. తర్వాత నన్ను పక్కకి జరగమని, తన చేత్తో తనే పొడి గుడ్డ అద్దుకుని టేపు వేసుకుంది. వంకరగా వేసుకుంది.

ఇప్పుడు గాయం మూసుకుంది. పైన గులాబీ రంగు గీత మిగిలింది. కట్టు అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది. డిపోలో కొన్నాళ్ళు కూర్చుని చేసే పని ఇచ్చారు. స్టీరింగు ఇంకా పట్టకూడదట. అందుకు వాళ్ళమీద రోజూ విసుక్కుంటోంది. మళ్ళీ అరుస్తోంది వదినా. వీధి చివరికి వినిపిస్తోంది.

మీకొక్కరికే ఒక సంగతి చెప్పాలి. తను మంచంలో ఉన్నన్నాళ్ళూ ఈ రోజులు ఎప్పుడు పోతాయా అనుకున్నాను. పోయాయి. ఇప్పుడు తను డిపోకి వెళ్ళిపోతుంది. నేను షాపులో తీగ చుడుతుంటాను. పొద్దున కట్టు మార్చే వేళకి లేచి నిలబడతాను. ఎందుకు లేచానో గుర్తొచ్చి కూర్చుంటాను. తనకి నయమైనందుకు సంతోషం లేదని కాదు. ఒక మనిషికి ప్రతిదానికీ మనమే అవసరమై, ఇక ఒక్కసారిగా అవసరం లేకుండా పోతే ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది. అమ్మగారు పోయాక మీకు ఎలా ఉండేదో అడగాలనుకున్నాను. ఇంకెవరినీ అడగలేను.

ఇక అసలు సంగతి. ఈ పొద్దున తను సంచి సర్దుకుంది. ఎక్కడికి అంటే, "మా అక్క దగ్గరికి. నువ్వు రావద్దు. ముందుగా రాయనూ వద్దు, రాస్తే అది తాళం వేసి ఎక్కడికైనా పోతుంది" అంది. బస్టాండులో దింపాను. ప్రయాణికుల సీట్లో కూర్చోవడం అవమానంగా ఉన్నట్టు, డ్రైవరు వెనకే కూర్చుంది. బస్సు కదిలీ కదలకముందే "గేరు అంత లాగకయ్యా!" అని అతనికి చెప్పింది. కిటికీలోంచి నాకేసి చూసి "పోయి తిను" అంది. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

ఇంటికొచ్చాను. గోడలకి సున్నం వేయించాలి.

ఈ ఉత్తరం ఇంతవరకు రాసి ఆపాను. సాయంత్రం అయింది, తను ఏమైందో తెలియడం లేదు. అప్పుడు ఫోన్ మోగింది, తనే. "తలుపు తీసింది. గొంతులోంచి మాట రావడం లేదు దానికి. లోపలికైనా రమ్మనడం లేదు, గుమ్మంలో నిలబెట్టి ఏడుస్తోంది" అని ఒకటే అరుపు. వెనక మీ గొంతు, "ఎవరే ఏడుస్తోంది? నువ్వు కాదూ?" అని. ఆ తర్వాత నాతో ఎవరూ మాట్లాడలేదు. తను ఫోన్ చేతిలోనో, బల్ల మీదో వదిలేసినట్టుంది. మీరిద్దరూ నన్ను మర్చిపోయారు.

పెట్టేయాలి, నిజమే. పెట్టలేదు. దూరంగా, కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది. "సంచి బరువు మొయ్యొచ్చా నువ్వు? బుద్ధి లేదూ?" అని మీరు అరిచారు. "ఏదీ, గాయం చూపించు" అన్నారు. "ఛీ, గుమ్మంలోనా!" అని తను అంది. ఇద్దరూ నవ్వారో ఏడ్చారో నాకు తెలియలేదు, రెండూ ఒకలాగే వినిపించాయి. ఆ తర్వాత మీ అమ్మగారి మాట ఏదో మొదలైంది. అది నేను వినాల్సింది కాదనిపించింది.

కాసేపటికి నేనే పెట్టేశాను.

మీ మరిది